పీఎస్‌ఐ, బార్, కేజీ, కిలోపాస్కల్: ఏ పనికి ఏ ప్రెషర్ యూనిట్ పట్టుకోవాలి?

మామూలు ఇంట్లోనే ప్రెషర్ కొలిచే యూనిట్లు అరడజను దాకా ఉంటాయి. బండి టైరుకు పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని. గీజర్ మీద బార్. వాషింగ్ మెషిన్ పుస్తకంలో మెగాపాస్కల్. బీపీ మిషన్‌లో పాదరసం మిల్లీమీటర్లు. మోటారు ప్లేటు మీద మీటర్లలో హెడ్, అంటే నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో. తుపాను వస్తే టీవీలో హెక్టోపాస్కల్. ఇవన్నీ చెప్పేది ఒకే విషయం: ఇంత వైశాల్యం మీద ఎంత బలం పడుతోంది అని. మరి వీటిలో దేన్ని మనసులో కొలబద్దగా పెట్టుకోవాలి, దేన్ని అవసరమైనప్పుడు మాత్రమే చూసుకోవాలి, ఎక్కడ మార్చుకోవాలి, ఎక్కడ అసలు మార్చకూడదు?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో పొలం, ఇల్లు, బండి చూసుకునే మనిషికి కేజీయే మంచి కొలబద్ద. కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. బార్, కిలోపాస్కల్, నీటి మీటర్లు అన్నీ దానికి చుట్టాలే, పక్కపక్కనే ఉంటాయి. పీఎస్‌ఐ, పాదరసం మిల్లీమీటర్లు రెండే దూరపువి. వాటికి విడిగా ఒక్కో అంకె గుర్తుంచుకుంటే సరిపోతుంది.

గుర్తుంచుకోవాల్సిన ఒక్క వరుస

1 కేజీ, 1 బార్, 100 కిలోపాస్కల్స్, 0.1 మెగాపాస్కల్, 10 మీటర్ల నీటి ఎత్తు, 33 అడుగుల నీటి ఎత్తు, 14.5 పీఎస్‌ఐ, 750 మిల్లీమీటర్ల పాదరసం. ఇవన్నీ దాదాపు ఒకటే.

ఈ "దాదాపు" ఎంతో కూడా తెలిసి ఉండాలి. 1 బార్ అంటే కచ్చితంగా 100 కిలోపాస్కల్స్, అందులో తేడా లేదు. 1 కేజీ అంటే 0.981 బార్, అంటే రెండు శాతం తక్కువ. పీఎస్‌ఐలో చెబితే 1 బార్ 14.50, 1 కేజీ 14.22. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక వాతావరణ పీడనం 1.013 బార్, అది 14.7 పీఎస్‌ఐ, 760 మిల్లీమీటర్ల పాదరసం.

ఇన్ని యూనిట్లు ఎందుకు పేరుకుపోయాయంటే, ఒకటి వచ్చినప్పుడు పాతది వెళ్లిపోలేదు. బ్రిటిష్ వాళ్ల యంత్రాలతో పౌండ్లు, అంగుళాలు వచ్చాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారింది. పాస్కల్ అనే పేరు అంతర్జాతీయంగా ఖాయమైంది 1971లో. ఈ మధ్యలో తయారైన గేజీలు, పైపులు, పంపులు, చదువుకున్న ఇంజినీర్లు అంతా కేజీకి అలవాటు పడ్డారు. అందుకే పైపుల షాపులో ఈ రోజుకీ "ఆరు కేజీల పైపు" అనే అడుగుతారు.

టైర్లు: పీఎస్‌ఐ వదలక్కర్లేదు

పంక్చర్ షాపులో ఎవరూ యూనిట్ చెప్పరు. "ముందు ఇరవై ఐదు, వెనక ఇరవై తొమ్మిది" అంటే చాలు, అది పీఎస్‌ఐ అని ఇద్దరికీ తెలుసు. ఈ అలవాటును మార్చుకోవాల్సిన పని లేదు. పీఎస్‌ఐలో ఒక్క అంకె పెరిగితే టైరుకు సరిగ్గా పనికొచ్చేంత తేడా వస్తుంది. దశాంశాలు అక్కర్లేదు.

చిక్కు వచ్చేది కారు తలుపు అంచున ఉండే స్టిక్కర్‌తో. దాని మీద 220 అనో 2.3 అనో ఉంటుంది. 220 అంటే కిలోపాస్కల్స్, 2.3 అంటే బార్ లేదా కేజీ. అంకె సైజు చూస్తేనే యూనిట్ తెలిసిపోతుంది. కారు టైరుకు 2, 3 మధ్య ఉంటే బార్ లేదా కేజీ, 28 నుంచి 40 మధ్య ఉంటే పీఎస్‌ఐ, 200 దాటితే కిలోపాస్కల్.

బార్‌ను నోటి లెక్కతో పీఎస్‌ఐలోకి మార్చడానికి 15తో గుణించి, వచ్చిన దాంట్లోంచి బార్ అంకెలో సగం తీసేయండి. 2.2 బార్ అయితే 33, అందులో 1.1 తీస్తే 31.9. అంటే 32. వెనక్కి రావాలంటే పీఎస్‌ఐని 7తో గుణిస్తే కిలోపాస్కల్స్ వస్తాయి. 32కి 224 వస్తుంది, అసలు విలువ 220.6. ఈ తేడా అర పీఎస్‌ఐ మాత్రమే, టైరుకు ఫర్వాలేదు.

కొన్ని బైకుల పుస్తకాల్లో 200 కిలోపాస్కల్స్, 2.00 కేజీలు, 29 పీఎస్‌ఐ అని మూడూ పక్కపక్కన ఉంటాయి. లెక్క కట్టి చూస్తే 2 కేజీలకు 28.4 మాత్రమే వస్తుంది. పుస్తకం తప్పు కాదు. 200 కిలోపాస్కల్స్‌ను ఆధారంగా తీసుకుని మిగతా రెండూ సర్దేశారు. ఇలాంటి చోట ఏ అంకె పట్టుకున్నా టైరుకు నష్టం లేదు.

కేజీకీ బార్‌కీ ఉన్న రెండు శాతం గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక లెక్క. 33 పీఎస్‌ఐ టైరులో ఆ రెండు శాతం 0.7 పీఎస్‌ఐ కూడా కాదు. అదే టైరులో పొద్దున 28 డిగ్రీల్లో గాలి పెట్టించి, మే నెల మధ్యాహ్నం టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే గేజ్ దాదాపు 2.7 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. యూనిట్ కన్నా ఏ సమయంలో కొలిచామన్నదే ముఖ్యం. బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో పెరిగిందని గాలి తీసేయకూడదు.

గల్ఫ్‌లో గానీ ఆస్ట్రేలియాలో గానీ ఉన్నవాళ్లకు బంకు దగ్గర గాలి మిషన్ బార్‌లోనో కిలోపాస్కల్‌లోనో ఉండొచ్చు. దాని మీద యూనిట్ మార్చే బటన్ ఉంటే పీఎస్‌ఐకి మార్చుకోండి. లేకపోతే మీ కారు అంకెను రెండు యూనిట్లలోనూ రాసి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి. అక్కడ నిలబడి లెక్క కట్టడం కన్నా అది మేలు.

ట్రాక్టరు సంగతి వేరు. పొలంలో దున్నేటప్పుడు వెనక పెద్ద టైర్లలో 0.8 నుంచి 1 కేజీ వరకే ఉంచుతారు, అంటే 11 నుంచి 14 పీఎస్‌ఐ. లారీ టైర్లకు వంద దాటుతుంది. లారీల కోసం పెట్టిన 200 పీఎస్‌ఐ గేజ్‌తో ట్రాక్టరు టైరు చూస్తే ముల్లు అడుగునే కదులుతుంది, 10కీ 14కీ తేడా కనబడదు. అక్కడ కావాల్సింది తక్కువ రేంజి ఉన్న గేజ్.

నీళ్లు: మీటర్లు, అడుగులు, కేజీలు

కేజీని కొలబద్దగా పెట్టుకోమనడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. పది మీటర్ల ఎత్తు నీళ్లు అడుగున కలిగించే ప్రెషర్ సరిగ్గా ఒక కేజీ. పీఎస్‌ఐలో అయితే ఒక మీటరుకు 1.42, ఒక అడుగుకు 0.433. ఎవరికి గుర్తుంటాయి? కేజీలో అయితే మీటర్లను పదితో భాగిస్తే అయిపోతుంది. అడుగులైతే 33తో.

మన దగ్గర బోరు లోతు అడుగుల్లో, మోటారు హెడ్ మీటర్లలో, పైపు బలం కేజీల్లో చెబుతారు. ఒక్క బోరు దించడానికి మూడు యూనిట్లు కలపాలి. ఒక ఉదాహరణ చూద్దాం. బోరు 500 అడుగులు తవ్వారు. మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు 200 అడుగుల దగ్గర నిలుస్తున్నాయి. ట్యాంకు నేల మీంచి 40 అడుగుల ఎత్తున ఉంది. మోటారు ఎత్తాల్సింది 500 కాదు, 240 అడుగులు. అంటే 73 మీటర్లు, 7.3 కేజీలు. దీనికి పైపులో రాపిడి వల్ల పోయేది కలపాలి. పొడవు ఎక్కువై, పైపు సన్నదైతే అది బాగానే పెరుగుతుంది. బోరు లోతు చూసి హెడ్ ఎంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దానివల్ల అవసరం లేని హెడ్‌కు డబ్బు పెడతారు, పైగా మోటారు తన సరైన పరిధి బయట నడుస్తుంది. నీటి మట్టమే అడగాలి, అదీ మోటారు ఆగి ఉన్నప్పటిది కాదు, నడుస్తున్నప్పటిది. ఎండాకాలంలో అది ఎంత దిగుతుందో కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇదే ఉదాహరణలో పైపు ఎంపిక కూడా తేలిపోతుంది. 7.3 కేజీలు మోయాల్సిన చోట 6 కేజీల పైపు పనికిరాదు. 8 కేజీలది అంచున ఉంటుంది. పైన వాల్వ్ కట్టేసి ఉండగా మోటారు ఆన్ అయితే ప్రెషర్ మామూలు కన్నా పైకి పోతుంది కాబట్టి 10 కేజీలదే సరి. పీవీసీ పైపుల ప్రమాణంలో తరగతులు 2.5, 4, 6, 8, 10, 12.5 కేజీలుగా ఉన్నాయి. పైపు మీద అచ్చు మాత్రం 0.6 మెగాపాస్కల్ అని ఉండొచ్చు. అది 6 కేజీల పైపే. మెగాపాస్కల్‌ను పదితో గుణిస్తే చాలు. హెచ్‌డీపీఈ పైపు మీద పీఎన్ 6, పీఎన్ 10 అని ఉంటే ఆ అంకె బార్. పైపుల విషయంలో బార్, కేజీ ఒకటే అనుకోవడంలో ఇబ్బంది లేదు. ఒకటి మాత్రం మరవకూడదు: పీవీసీ పైపు మీద వేసిన బలం 27 డిగ్రీల నీటికి చెప్పింది. ఎండకు వేడెక్కిన పైపు అంత మోయలేదు. అందుకే పైపును మట్టిలో పూడ్చడం మంచిది.

డ్రిప్పా, స్ప్రింక్లరా అన్న ప్రశ్నకు కూడా ఈ లెక్కే జవాబు చెబుతుంది. డ్రిప్‌కు లేటరల్ (మొక్కల వరస వెంట పరిచే సన్న పైపు) దగ్గర దాదాపు 1 కేజీ చాలు. మామూలు స్ప్రింక్లర్లకు 2 నుంచి 2.5 కేజీలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలి. మీకు కావాల్సినన్ని నీళ్లు వస్తున్నప్పుడు మోటారు 60 మీటర్ల హెడ్ ఇస్తుందనుకుందాం. బోరులోంచి ఎత్తడానికి 45 మీటర్లు పోతే మిగిలేది 15 మీటర్లు, అంటే 1.5 కేజీలు. ఫిల్టర్లలో, పైపుల్లో కొంత పోయినా డ్రిప్ నడుస్తుంది. స్ప్రింక్లర్ తల తిరగదు, నీళ్లు దగ్గర్లోనే పడిపోతాయి. పరికరం కొనకముందు ఒక గేజ్ తెచ్చి, మోటారు నడుస్తుండగా నేల మీది పైపు దగ్గర చూస్తే ఈ సంగతి ముందే తెలిసిపోతుంది. డ్రిప్ ఉన్నవాళ్లు ఫిల్టర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి గేజ్ పెట్టుకోవాలి. రెండిటి మధ్య తేడా 0.5 కేజీ దగ్గరకు వస్తోందంటే ఫిల్టర్ కడగాలి. ఇక్కడ పీఎస్‌ఐలో చూసినా తప్పు లేదు, 7 పీఎస్‌ఐ తేడా అని గుర్తుంటే చాలు.

పైన నేల మీద పెట్టే మోటారు నీళ్లను లాగే లోతుకు ఒక హద్దు ఉంది, దాన్ని ఏ కంపెనీ మోటారూ దాటలేదు. లాగడం అంటే నిజానికి బయటి గాలి నీళ్లను పైకి నెట్టడమే. ఆ గాలికి సముద్ర మట్టం దగ్గర 10.3 మీటర్ల నీటిని నిలబెట్టే శక్తి ఉంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ అది 9.7 మీటర్లు. పైపులో నష్టాలు పోగా చేతికి వచ్చేది 6, 7 మీటర్లు. నీళ్లు అంతకన్నా కిందికి దిగితే పెద్ద హార్స్‌పవర్ కొనడం డబ్బు దండగ. సబ్‌మెర్సిబుల్ దించాలి, లేదా మోటారునే బావిలో కిందికి దించి పెట్టాలి.

ఇంటి లోపల: గీజర్, వాషింగ్ మెషిన్

గీజర్ల మీద "8 బార్, హైరైజ్‌కు తగినది" అని రాస్తారు. 8 బార్ అంటే దాదాపు 80 మీటర్ల నీటి ఎత్తు. ఒక అంతస్తు 3 మీటర్లనుకుంటే 26 అంతస్తులు. పెద్ద అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తుల వాళ్లకు ఈ అంకె నిజంగా అవసరం. సొంత ఇల్లు, మేడ మీద ట్యాంకు, ట్యాంకులో నీళ్లు కుళాయి కన్నా పది అడుగుల పైన ఉన్నాయనుకుంటే అక్కడి ప్రెషర్ 0.3 బార్. ప్రెషర్ పంపు పెట్టించుకున్నా రెండు మూడు బార్ దాటదు. అలాంటి ఇంట్లో ఆ ఒక్క అంకె కోసం అదనపు డబ్బు పెట్టక్కర్లేదు.

వాషింగ్ మెషిన్‌కు, షవర్‌కు సమస్య తలకిందులుగా ఉంటుంది. అక్కడ ప్రెషర్ ఎక్కువై కాదు, తక్కువై ఇబ్బంది. కొన్ని ఫ్రంట్‌లోడ్ మెషిన్ల పుస్తకంలో కనీసం 0.05 మెగాపాస్కల్ కావాలని ఉంటుంది. చూడటానికి ఏమీ లేనట్టున్న ఈ అంకె 5 మీటర్ల నీటి ఎత్తు, అంటే 16 అడుగులు. ట్యాంకుకు సరిగ్గా కింద ఉన్న పై అంతస్తులో ఆరేడు అడుగులే దొరుకుతాయి. మెషిన్‌లోకి నీళ్లు నెమ్మదిగా వచ్చి ఎర్రర్ చూపిస్తుంది, మెషిన్ పాడైందని మెకానిక్‌ను పిలుస్తాం. కొనేముందే పుస్తకంలో ఈ అంకె చూసి, దాన్ని వందతో గుణిస్తే ఎన్ని మీటర్ల ఎత్తు కావాలో తెలుస్తుంది. సరిపోకపోతే తక్కువ ప్రెషర్‌తో నడిచే మోడల్ తీసుకోవాలి, లేదా చిన్న బూస్టర్ పంపు పెట్టించుకోవాలి.

కారు కడిగే ప్రెషర్ వాషర్లలో ఒక కంపెనీ 130 బార్ అంటుంది, ఇంకోటి 1800 పీఎస్‌ఐ అంటుంది. 1800 పెద్దగా కనిపిస్తుంది గానీ అది 124 బార్ మాత్రమే. పైగా ఒకరు గరిష్ఠ ప్రెషర్ చెబితే ఇంకొకరు పనిచేసేటప్పటి ప్రెషర్ చెప్పొచ్చు. రెంటినీ బార్‌లోకి తెచ్చి, రెండూ ఒకే రకం అంకెలో కాదో చూసి, నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతాయో కూడా పోల్చి కొనాలి.

వంటింట్లో

మన స్టవ్ మీద కుక్కర్ దాదాపు 1 కేజీ దగ్గర విజిల్ వేస్తుంది. అమెరికా వంట పుస్తకాల్లో 15 పీఎస్‌ఐ అన్నా, కొత్త కుక్కర్ల మీద 100 కిలోపాస్కల్స్ అన్నా ఇదే. ఈ ప్రెషర్‌లో నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కరెంటుతో నడిచే మల్టీ కుక్కర్లలో చాలా వాటి ప్రెషర్ 70, 80 కిలోపాస్కల్స్ మాత్రమే, అంటే 10 నుంచి 11.6 పీఎస్‌ఐ, 116 డిగ్రీల చుట్టుపక్కల. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు అందులో కందిపప్పు, శనగలు అమ్మ చెప్పిన టైముకు ఉడకకపోవడానికి ఒక కారణం ఇది. పప్పును తప్పు పట్టకుండా టైము పెంచుకుంటే సరిపోతుంది.

గ్యాస్ దగ్గర ప్రెషర్ అతి చిన్నది. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ నుంచి వచ్చేది చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు, అంటే 2.94 కిలోపాస్కల్స్, 300 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. పీఎస్‌ఐలో 0.43. ఇలాంటి చోట మిల్లీబార్ గానీ నీటి మిల్లీమీటర్లు గానీ తప్ప పెద్ద యూనిట్లు పనికిరావు. పైపు గ్యాస్ 21 మిల్లీబార్ దగ్గర వస్తుంది. పైగా ఆ గ్యాసే వేరు కాబట్టి స్టవ్ నాజిల్ మార్చాలి. విదేశం నుంచి తెచ్చిన స్టవ్‌ను ఇక్కడి సిలిండర్‌కు తగిలించే ముందు దాని మీద ఏ గ్యాసుకు, ఎన్ని మిల్లీబార్‌కు చేశారో చూసి, గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌కే పని అప్పజెప్పండి. లెక్క సరిపోయిందని సొంతంగా బిగించే చోటు కాదు ఇది.

బీపీ: ఇక్కడ మార్చకండి

బీపీని పాదరసం మిల్లీమీటర్లలోనే చూడాలి, చెప్పాలి, రాయాలి. పాదరసం గొట్టాలు చాలా ఆసుపత్రుల్లోంచి వెళ్లిపోయాయి, ఇప్పుడున్నవి ఎక్కువగా డిజిటల్ మిషన్లే. అయినా యూనిట్ అదే ఉండిపోయింది. అదే మంచిది, ఎందుకంటే డాక్టరుకు, నర్సుకు, మందుల మోతాదు నిర్ణయించే పుస్తకాలకు, ఇంట్లో పెద్దవాళ్లకు అందరికీ 120/80, 140/90 అనే అంకెలు ఒకే అర్థంతో తెలుసు.

కొన్ని డిజిటల్ మిషన్లలో కిలోపాస్కల్‌కు మార్చే సెట్టింగ్ ఉంటుంది. పొరపాటున అది నొక్కుకుంటే 16.0/10.7 అని వస్తుంది. అమ్మ బీపీ పదహారుకు పడిపోయిందని ఇంట్లో కంగారు పడకూడదు. అది 120/80. 18.7/12.0 వస్తే 140/90. కిలోపాస్కల్స్‌ను 7.5తో గుణిస్తే మామూలు అంకె వచ్చేస్తుంది. తర్వాత మిషన్‌ను మళ్లీ పాదరసానికి మార్చేయండి, నోట్‌బుక్‌లో రెండు యూనిట్లు కలిపి రాయకండి.

నిద్రలో శ్వాస ఆగే సమస్యకు వాడే సీపాప్ మిషన్ మాత్రం నీటి సెంటీమీటర్లలో ఉంటుంది. కొన్నిటి మీద హెక్టోపాస్కల్ అని ఉండొచ్చు. 10 సెంటీమీటర్ల నీళ్లు అంటే 9.8 హెక్టోపాస్కల్స్, తేడా రెండు శాతమే. డాక్టర్ 10 పెట్టమంటే రెండో రకం మిషన్‌లోనూ 10 పెట్టడం మామూలే. కానీ ఇదే అంకెను పాదరసం మిల్లీమీటర్లు అనుకుంటే 36 శాతం తప్పిపోతాం.

గేజ్ ప్రెషరా, మొత్తం ప్రెషరా?

యూనిట్ సరిగ్గా మార్చినా లెక్క తప్పడానికి పెద్ద కారణం ఇదే. టైరు గేజ్ సున్నా చూపించినప్పుడు టైరులో గాలి లేనట్టు కాదు, బయట ఎంత ఉందో లోపలా అంతే ఉందని. మన గేజీలన్నీ బయటి గాలి కన్నా ఎంత ఎక్కువ ఉందో మాత్రమే చెబుతాయి. టైరు, కుక్కర్, పైపు, బీపీ అన్నీ ఇదే రకం. వాతావరణ శాఖ బారోమీటర్ చెప్పేది మొత్తం ప్రెషర్. ఏదైనా డేటా షీట్‌లో ఈ రెండిట్లో ఏది ఇచ్చారో తెలియకపోతే, యూనిట్ మార్చే ముందు అది కనుక్కోండి. తక్కువ ప్రెషర్ల దగ్గర ఈ పొరపాటు ఒక బార్ మొత్తాన్నీ మింగేస్తుంది.

వ్యాక్యూమ్ దగ్గర ఇది ఇంకా సున్నితంగా ఉంటుంది. ఏసీ బిగించేటప్పుడు పైపుల్లోని గాలి, తేమ లాగేయడానికి వ్యాక్యూమ్ పంపు పెడతారు. మామూలు గేజ్ మీద ముల్లు సున్నాకు కింద 30 అంగుళాల పాదరసం గీత దగ్గరకు పోతే పని అయిపోయిందనుకుంటారు. మంచి పనికి చూడాల్సింది 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పాదరసం. 500కీ 5000కీ మధ్య తేడా ఆ ముల్లు మీద అంగుళంలో ఐదో వంతు కన్నా తక్కువ, కంటికి ఆనదు. ఈ పనికి మైక్రాన్ గేజ్ తప్ప వేరే దారి లేదు.

తుపాను వార్తలు: రెండు శాతం కూడా ఎక్కువే

ఇంతవరకూ కేజీ, బార్, వాతావరణ పీడనం ఒకటే అనుకోమన్నాను. వాతావరణం దగ్గర ఆ మాట వెనక్కి తీసుకోవాలి. సముద్ర మట్టం దగ్గర సగటు పీడనం 1013 హెక్టోపాస్కల్స్. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కేంద్రంలో అంచనా 950. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో 912. మామూలు రోజుకూ ప్రళయానికీ మధ్య ఉన్నది పది శాతమే. ఇక్కడ రెండు శాతం సర్దుబాటు చేస్తే 20 హెక్టోపాస్కల్స్ పోతాయి, అది ఒక వాయుగుండాన్ని మాయం చేసేంత.

ఒక మంచి సంగతి, హెక్టోపాస్కల్, మిల్లీబార్ కచ్చితంగా ఒకటే. పాత రికార్డుల్లో మిల్లీబార్ అని ఉన్నా ఏమీ మార్చక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకు వార్తల్లో పాదరసం అంగుళాలు కనిపిస్తాయి. 29.92 అంటే 1013. అంగుళాలను 33.86తో గుణిస్తే హెక్టోపాస్కల్స్ వస్తాయి. తీరంలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క పనికొస్తుంది: పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. 950 అంటే ఒక్క పీడనం వల్లే 60 సెంటీమీటర్ల పైన. ఉప్పెనలో మిగతాదంతా గాలి నెట్టుకొచ్చే నీళ్లు.

హైదరాబాద్‌లో ఫోన్‌లోని బారోమీటర్ యాప్ తెరిస్తే 950 దరిదాపుల్లో కనిపిస్తుంది. హుద్‌హుద్ కేంద్రంలో ఉన్న అంకె అది. భయపడాల్సింది లేదు, ఊరు ఎత్తున ఉండటం వల్ల అక్కడ ఎప్పుడూ అంతే. వాతావరణ పటాల్లో అంకెలను సముద్ర మట్టానికి సర్ది చూపిస్తారు. ఫోన్ అంకెను దానితో నేరుగా పోల్చకూడదు.

కాంక్రీటు: మార్చినా సరిపోనిది

ఇల్లు కట్టేవాళ్ల కోసం ఒక మాట. ఎం25 అనే కాంక్రీటు గ్రేడు అంటే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు, అంటే 25 మెగాపాస్కల్స్. అమెరికా డ్రాయింగులో 3000 పీఎస్‌ఐ అని ఉంటే లెక్క ప్రకారం 20.7 వస్తుంది, కాబట్టి ఎం20 చాలనిపిస్తుంది. చాలదు. మన దగ్గర బలాన్ని ఘనాకారపు దిమ్మెతో పరీక్షిస్తారు, అక్కడ సిలిండర్‌తో. ఒకే కాంక్రీటుకు సిలిండర్ బలం దిమ్మె బలంలో దాదాపు 0.8 వంతే వస్తుంది. ఆ తేడా కలిపితే కావాల్సింది దాదాపు 26, ఎం25 కూడా కాస్త తక్కువే. ఇది మీ స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి, ఫోన్‌లోని కన్వర్టర్ యాప్ కాదు.

గేజ్ కొనేటప్పుడు

పీఎస్‌ఐ, కేజీ రెండూ ఉన్న డబుల్ స్కేల్ గేజ్ తీసుకోండి. బయటి వరసలో మీరు రోజూ వాడే యూనిట్ ఉంటే మంచిది, చదవడం తేలిక. యూనిట్ కన్నా రేంజి ముఖ్యం. మీరు మామూలుగా చూసే ప్రెషర్ డయల్‌లో సగం నుంచి మూడింట రెండు వంతుల దగ్గర పడాలి. కారుకు 60 పీఎస్‌ఐ గేజ్ చాలు. ట్రాక్టరు వెనక టైర్లకు 30 పీఎస్‌ఐ దరిదాపుల్లోది. డ్రిప్‌కు 4 కేజీలది. బోరు పైపు దగ్గరైతే మోటారు గరిష్ఠ హెడ్‌ను పదితో భాగించి, దానికన్నా ఒకటిన్నర రెట్లు ఉన్నది. మోటారు అదురు తగిలే చోట గ్లిసరిన్ నింపిన గేజ్ తీసుకుంటే ముల్లు ఊగదు, ఎక్కువ కాలం నిలుస్తుంది.